నాన్న ముట్టుకున్న ట్రే

నేను బస్సు కండక్టర్ని. నా నోటికి జడిసి మా డిపోలో డ్రైవర్లు కూడా టైముకి బండి తీస్తారు. టికెట్టు అడిగేసరికి నిద్ర నటించేవాణ్ణీ, ఆడవాళ్ళ సీట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చునేవాణ్ణీ, కిటికీలోంచి ఉమ్మి నేను కాదన్నట్టు ఆకాశంలోకి చూసేవాణ్ణీ రోజూ చూస్తూనే ఉంటాను. మనుషుల బుద్ధులన్నీ నాకు తెలుసనుకునేదాన్ని. ఓడెక్కి, అక్కడి భోజనాల హాలు చూశాక, అప్పటిదాకా నేను చూసింది సగమేనని అర్థమైంది.

మేము ఓడెక్కింది సరదాకి కాదు, మా నాన్న తన చేత్తో తాను తినడానికి. వినడానికి వింతగానే ఉంటుంది. ఇంట్లో సంగతి చెబితేగానీ అర్థం కాదు.

నాన్న ఓ ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఈమధ్య వణుకుడు జబ్బు పట్టుకుంది. గ్లాసెత్తితే సగం నీళ్ళు చొక్కా మీదే. ఉండేది అన్నయ్య దగ్గర. మా వదిన చెడ్డది కాదు పాపం, పొద్దున లేస్తే ఉద్యోగానికి ఉరుకులూ పరుగులూ. నాన్న నాలుగు ముద్దలు తినేలోపు ఆవిడ వంటిల్లంతా సర్దేయగలదు. చూసి చూసి విసుగొచ్చి, ఒకరోజు ఆయన మెడకి తువ్వాలు కట్టి చెంచాతో తినిపించడం మొదలుపెట్టింది. బట్టలు పాడవవు, పనీ తొందరగా తెములుతుంది. ఆ సాయంత్రమే నాన్న నాకు ఫోన్ చేసి, "నన్ను చంటిపిల్లాణ్ణి చేసేశారమ్మా" అన్నాడు. అప్పట్నుంచి తిండి తగ్గిపోయి మనిషి పుల్లలా అయిపోయాడు.

ఒకసారి చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "చేత్తో తినే రోజులు ఇంకెన్నో లేవని డాక్టరే చెప్పాడు. ఉన్న నాలుగు రోజులూ నన్ను తిననివ్వమని చెప్పవే వాళ్ళకి" అన్నాడు. నేను వదినతో పోట్లాడాను. అన్నయ్యతో పోట్లాడాను. పోట్లాడి తిరిగొచ్చేశాను, అంతే. రోజూ పక్కన కూర్చునేది నేను కాదు కదా.

విహారానికి తీసుకెళ్ళే ఓడలో భోజనాల హాలు పొద్దున్నుంచీ తెరిచే ఉంటుందనీ, కావలసింది మనమే పెట్టుకుని ఎంతసేపైనా తినొచ్చనీ, లేవమనేవాళ్ళు ఉండరనీ మా డిపోలో ఒకావిడ చెప్పింది. వినగానే ఇది నాన్న కోసమే పెట్టినట్టుందనిపించింది. సెలవు పెట్టి, కిటికీ కూడా లేని ఓ చిన్న క్యాబిన్ తీసుకుని, ఆయన్ని ఎక్కించుకుని బయలుదేరాను.

ఎక్కిన సాయంత్రం తిండికి వెళ్తే, హాలు గుమ్మం దగ్గర వరసగా సింకులున్నాయి. ఒకమ్మాయి నిలబడి వచ్చినవాళ్ళకల్లా సబ్బుతో చేతులు కడుక్కోమని నవ్వుతూ చెబుతోంది. ఎవరు వింటారు? కొందరు విననట్టు దాటిపోయారు. కొందరు వేళ్ళ కొసలు తడిపి ప్యాంటుకి తుడుచుకున్నారు. ఒకాయన "గదిలో కడుక్కునే వచ్చానమ్మా" అని, ఆ చేత్తోనే ముక్కు నలుపుకుంటూ లోపలికెళ్ళాడు. నాన్న మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి మోచేతులదాకా రుద్ది కడిగాడు. ఆయనకి అది క్యాంటీన్లో పడ్డ అలవాటు. వెనకనున్న ఒకాయన "స్నానం చేస్తున్నాడేమిటి" అని గొణిగాడు. "అవునండీ, మీ వంతు కూడా ఆయనే చేసేస్తున్నాడు" అన్నాను. ఆ అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

ఇక లోపల భాగోతం చెప్పాలంటే రోజు చాలదు. ఒకావిడ పులుసు గరిటె తీసి నాకి చూసి మళ్ళీ అందులోనే పెట్టింది. ఒకడు వరసలో నడుస్తూనే ద్రాక్షపళ్ళు ఒక్కొక్కటీ తుంచుకుని నోట్లో వేసుకుంటున్నాడు. కొండలా ప్లేటు నింపుకుని సగానికి సగం వదిలేసి లేచిపోయేవాళ్ళు, ప్లేట్ల మీదే తుమ్మేవాళ్ళు, అంతా మంచి బట్టల్లోనే ఉన్నారు. మా బస్సులో వాళ్ళు దేవుళ్ళు.

"నువ్వు దూరంగా ఉండు. అడిగితేనే రా" అన్నాడు నాన్న. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆయన ఒక్కో గిన్నె ముందూ ఆగి, మూత తీసి, వాసన చూడకుండా కేవలం కళ్ళతోనే పరీక్ష చేసి, మెత్తటివి చూసుకుని పెట్టుకున్నాడు. కొంత ప్లేటులో పడింది, కొంత బల్ల మీద పడింది. కూర్చుని గంటపైనే తిన్నాడు. చొక్కా మీద పడ్డదాన్ని తనే తుడుచుకున్నాడు. "ఉడకబెట్టిన బంగాళదుంపలో ఉప్పు తక్కువైంది. మిగతావి ఫరవాలేదు" అన్నాడు. ఆయన ఎవరి వంటకైనా వంక పెట్టి ఎంతకాలమైందో. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున బన్నుల దగ్గర జరిగింది.

వేడివేడి బన్నులు పెద్ద ట్రేలో పేర్చి, పక్కన పటకారు పెట్టారు. నొక్కితే మూసుకుని, వదిలితే తెరుచుకునే పటకారు. చెయ్యి నిలకడగా ఉన్నవాళ్ళకి అది ఆట. నాన్న నొక్కినప్పుడల్లా బన్ను దొర్లిపోయింది. వెనక వరస పెరిగింది. ఎవరో విసుగ్గా నిట్టూర్చారు. నేను స్తంభం దగ్గర్నుంచి కదిలాను గానీ, నేను చేరేలోపే నాన్న పటకారు పక్కన పెట్టి చేత్తో ఒక బన్ను తీసుకున్నాడు. ఆ వణుకులో చెయ్యి మరో నాలుగైదు బన్నులకి తగిలింది.

వరసలో ఆయన వెనక ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ ఉంది. వడ్డన చూసే పెద్దమనిషిని పిలిచి, "ఈ ట్రే తీసేయండి. ఈయన చెయ్యి పెట్టారు" అంది. గొంతు పెంచలేదు.

ఆ పెద్దమనిషి నాన్న వైపు చూశాడు. ఆయన తెల్ల గడ్డం చూశాడు, చెయ్యి చూశాడు. కాసేపు తటపటాయించాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి ట్రే ఎత్తి, బన్నులన్నీ చెత్తడబ్బాలోకి వంచేశాడు. డబ్బాలోంచి ఆవిరి వచ్చింది. నాన్న చేతిలో ఒక్క బన్ను మిగిలింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ హాలు మొత్తమ్మీద మోచేతులదాకా కడుక్కున్నది ఈయనొక్కడే. నాకిన గరిటెలు కనపడలేదు గానీ ఈయన చెయ్యి కనపడిందా మీకు?" అని బస్సు చివరి సీటుదాకా వినపడే గొంతుతో అన్నాను. హాలంతా తిరిగి చూసింది.

"మా ఆయనకి కిడ్నీ మార్చారు. చిన్న జబ్బు సోకినా తట్టుకోలేరు. మీకు కోపమొస్తే రానివ్వండి" అంది ముత్యాలావిడ. ఆవిడ వెనక నీరసంగా ఓ మనిషి నిలబడి ఉన్నాడు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "పద" అన్నాడు.

క్యాబిన్లోకి వచ్చాక కూడా నా నోరు ఆగలేదు. కెప్టెన్ దగ్గరికే వెళ్తానన్నాను. నాన్న మంచమ్మీద కూర్చుని, ఆ బన్నుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనైనా అదే చేసేవాణ్ణమ్మా" అన్నాడు. "మా క్యాంటీన్లో ఎవడన్నా వండినదాంట్లో చెయ్యి పెడితే గిన్నె గిన్నే పారబోయించేవాణ్ణి. వాడు కడుక్కున్నాడో లేదో అడిగేవాణ్ణి కాదు. ఆవిడ తప్పేం లేదు."

"అయితే తప్పెవరిది?"

"చెయ్యి నాది కదా."

ఆయన ఆవిడని తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇద్దరం కలిసి తిట్టుకుని, నవ్వుకుని, మధ్యాహ్నానికి మళ్ళీ వెళ్ళేవాళ్ళం. ఆయన అవతలి పక్షం చేరిపోయాడు. ఇక నేను ఎవరితో పోట్లాడను?

ఆ రోజంతా హాలుకి రానన్నాడు. నేనే ప్లేటు నింపి తెచ్చాను. తలుపు వేసుకుని, కింద తువ్వాలు పరుచుకుని తన చేత్తోనే తిన్నాడు. సరే, హాలైతేనేం గదైతేనేం, చేత్తో తినడం ఆగలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాతి రోజు మైకులో చెప్పారు. ఓడలో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయట. ఇక మీదట గరిటెలు గానీ పటకార్లు గానీ ప్రయాణికులు ముట్టుకోకూడదట, సిబ్బందే వడ్డిస్తారట. ఎవరికైనా బాగోకపోతే దాచకుండా చెప్పాలట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నడవాలో అంతా ఘాటైన మందు వాసన.

మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ముత్యాలావిడ. మెడలో దండ లేదు. జుట్టు దువ్వుకోలేదు. ఏడ్చిన కళ్ళు.

"మా ఆయన్ని కింద ఆసుపత్రి గదిలో పెట్టారు. సెలైన్ ఎక్కిస్తున్నారు. ఒడ్డు చేరగానే అంబులెన్సులో తీసుకెళ్తారట" అంది. "మీ నాన్నగారికి వాంతులేమైనా అయ్యాయా? నిజం చెప్పండి."

"ఏమీ లేదు. గుండ్రాయిలా ఉన్నాడు. అయినా ఆయన ముట్టుకున్న ట్రే మీ కళ్ళముందే పారబోశారు కదా."

"అది ఆ రోజు. అంతకు ముందు సాయంత్రం ఎన్ని ముట్టుకున్నారో ఎవరు చూశారు?"

నేను చూశాను. గిన్నె గిన్నెకీ స్తంభం పక్కనుంచి చూశాను, ఒక్కదాంట్లోనూ చెయ్యి పెట్టలేదు. అదే అందామని నోరు తెరిచేలోపు వెనక మంచం కిర్రుమంది. నాన్న లేచొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా వల్లే అయితే నన్ను క్షమించు" అన్నాడు.

ఆవిడ ఆయన మొహం చూడలేదు. గుమ్మం మీద వణుకుతున్న చేతిని చూసింది. చూసి వెళ్ళిపోయింది. ఆవిడ మీద నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ మొగుడు చావుబతుకుల్లో ఉన్న ఆడదాన్ని తిట్టడానికి నాక్కూడా నోరు రాలేదు.

నేను పరుగున వెళ్ళి నర్సుని పట్టుకొచ్చాను. ఆవిడకి తిండీ నిద్రా లేనట్టుంది, అయినా వచ్చింది. నాన్నని చూసి, జ్వరం చూసి, "ఈయనకేం లేదు. ఈ జబ్బు బయటనుంచి ఎవరో మోసుకొచ్చారు. మొదటిరోజే కొంతమందికి వాంతులైతే, గదిలోంచి బయటికి రానివ్వరని దాచిపెట్టి హాల్లో తిరిగారు. ఫలానావాళ్ళ వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి తాతగారూ" అని భుజం తట్టి వెళ్ళింది.

"విన్నావా నాన్నా?" అన్నాను.

"విన్నాను. ఎవరి వల్లో చెప్పలేమంది. నా వల్ల కాదని మాత్రం అనలేదు."

"నీకు జబ్బే లేదు. లేని జబ్బు ఎలా అంటిస్తావు?"

"అంత గట్టిగా చెప్పకమ్మా. పక్క గదుల్లో మనుషులున్నారు" అన్నాడు. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. వచ్చి కూర్చుని, కాసేపాగి మళ్ళీ వెళ్ళాడు. నేను తెచ్చిన ప్లేటు అలాగే చల్లారిపోయింది. ఆకలి లేదన్నాడు. రాత్రీ అదే మాట. పొద్దున్నా అదే మాట. మధ్యలో కుళాయి చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా చిట్లింది. సబ్బు దాచేశాను. ఉత్త నీళ్ళతో కడుక్కున్నాడు.

ఓడ దిగే ముందు చివరి భోజనానికి బతిమాలాను. "అక్కడ నువ్వు ఏదీ ముట్టుకోనక్కర్లేదు నాన్నా. వాళ్ళే పెడతారు. నువ్వు తినడమే. నా కోసం రా" అన్నాను. నేను ఎవరినీ బతిమాలే మనిషిని కాదని ఆయనకి తెలుసు. వచ్చాడు.

హాలు సగం ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళంతా ఇప్పుడు సింకుల దగ్గర బుద్ధిగా నిలబడి గోళ్ళు కూడా రుద్దుకుంటున్నారు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని వరసలో నడిచాడు. ప్లేటు పట్టుకోలేదు. రెండు ప్లేట్లూ నేనే పట్టుకున్నాను. బన్నులు పారబోసిన ఆ పెద్దమనిషే వడ్డిస్తున్నాడు. ఆయన నాన్నని గుర్తుపట్టాడు. అడగకుండానే రెండు బన్నులు, మెత్తటి కూర, గిన్నె నిండా సూపు పెట్టి, "ఇంకేమైనా కావాలా అయ్యా?" అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు.

ఓ మూల బల్ల చూసుకుని కూర్చున్నాం. చెంచా ఆయన వైపు తిప్పి పెట్టాను. బన్ను తుంచి, తీసుకోవడానికి వీలుగా ప్లేటు అంచున పెట్టాను. ఆయన చేతులు బల్ల కిందే ఉన్నాయి. రెండు మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకున్నాడు. అయినా ఆ వణుకుకి బల్ల కొద్దికొద్దిగా అదురుతోంది.

"తిను నాన్నా. ఎవరూ చూడటం లేదు."

"చూస్తారమ్మా. వాళ్ళూ తినాలి కదా" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వే పెట్టు" అన్నాడు.

"నాన్నా, వద్దు. ఒక్క ముద్ద నువ్వు తిను. మిగతాది నేను పెడతాను."

"విసిగించకు. ఆకలేస్తోంది."

అది నిజమే. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు. చెంచా తీసుకున్నాను. మెడకి కట్టడానికి ఏమీ తేలేదు, ఒలకకుండా పెట్టాలని మెల్లగా ఎత్తాను. చెంచా దగ్గరికి రాకముందే నాన్న నోరు తెరిచాడు.

పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ మమ్మల్నే చూస్తోంది. భోజనం ముగించి లేస్తూ మా దగ్గర ఆగింది. "ఈ రోజుల్లో ఇలా చూసుకునే కూతురు ఎవరికి దొరుకుతుందండీ. మీరు అదృష్టవంతులు" అంది నాన్నతో.

నాన్న నోట్లోది మింగేదాకా ఆగాడు. "అవునమ్మా, అదృష్టమే" అని, మళ్ళీ నా వైపు తిరిగి నోరు తెరిచాడు.