ఎర్నెస్ట్ మిస్త్రీ రెండో మాట

అబద్ధమాడడనే పేరు ఒక మనిషిని ఎంత పాడు చేస్తుందో చెప్పాలంటే ఎర్నెస్ట్ మిస్త్రీ సంగతి చెప్పాలి. నాంపల్లి స్టేషను ఎదురు సందులో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. సికింద్రాబాదు మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకుని, పెద్ద లడాయి అయిపోయాక ఇక్కడికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. పనిలో ఆయన్ని మించినవాళ్లు ఊళ్లో నలుగురైదుగురు లేకపోలేదు. కాని బండికి లేని రోగం అంటగట్టని మిస్త్రీ ఆయనొక్కడేనని ఆబిడ్స్‌లో కార్లున్నవాళ్లంతా అనేవారు. వాళ్లు అనగా అనగా ఆయనకూ అదే నమ్మకం కుదిరింది. తంటా అంతా అక్కడే వచ్చింది.

పోలీసు యాక్షను అయి అయిదేళ్లు కావస్తున్న ఎండాకాలం అది. ఒక గురువారం పొద్దున వకీలు వామన్‌రావు కారు షెడ్డు ముందుకొచ్చి, దగ్గి, ఊగి ఆగింది. ముప్పై ఏడులో కొత్తగా కొన్న అమెరికా బండి. మైళ్ల మీటరు అంకెలు చాలక ఒకసారి సున్నాకొచ్చి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ చాలా దూరం నడిచింది. ఆ మైళ్లలో దాదాపు అన్నీ నడిపినవాడు బీరయ్య ఒక్కడే. జనగామ దగ్గరి పల్లెనుంచి కూలికొచ్చి, ఆ కారు కడగడంతో మొదలుపెట్టి స్టీరింగు పట్టినవాడు. ఆబిడ్స్‌లో వకీలు ఇంటి వెనక ఒక గదిలో భార్య జంగమ్మతో ఉండేవాడు. జంగమ్మ ఆ ఇంట్లోనే గిన్నెలు తోమేది. అంటే ఆ మొగుడూ పెళ్లాల కూడూ నీడా రెండూ వకీలు చేతిలోనే ఉన్నాయన్నమాట.

"మిస్త్రీ సాబ్, యాక్సిలేటరు తొక్కంగనే బండి దమ్ము ఆపుతున్నది" అన్నాడు బీరయ్య దిగుతూనే. "జరసేపు సప్పుడుండదు. ఒక్క దగ్గు దగ్గుతది, గప్పుడు గుంజుకుంటది. నిమ్మళంగ పోతే ఏం లేదు. పోలీసోడు చెయ్యి ఊపినంక ఒక్కపారి ఎత్తుకుందమంటేనే గీ తిప్పలు. నేనే సాబ్‌కు చెప్పిన, ఎర్నెస్ట్ మిస్త్రీ కాడికే పోదాం, ఉన్నది ఉన్నట్టు చెప్తడని."

ఎప్పుడూ బీరయ్యను ఒక్కణ్నే పంపే వకీలు ఆరోజు తను కూడా దిగాడు. అప్పుడే ఎర్నెస్ట్‌కు అనుమానం రావలసింది. రాలేదు. చొక్కా చేతులు మడుచుకుని పనిలోకి దిగాడు. ప్లగ్గులన్నీ ఊడదీసి డబ్బాలో కిరసనాయిలు పోసి కడిగాడు. మసి నీళ్లలా నల్లబడిన కిరసనాయిలును పక్కకు ఒంపేసి డబ్బాను నేలమీద పెట్టాడు. పాయింట్లు గీకాడు, వైర్లు చూశాడు, పెట్రోలు జాలీ విప్పి ఊదాడు. అన్నీ బిగించి స్టార్టు చేసి తొక్కితే బండి మళ్లీ దమ్ము ఆపింది, దగ్గింది. గంట గడిచింది. వకీలు గడియారం చూసుకున్నాడు.

"ఎర్నెస్ట్, సూటిగ అడుగుతున్న. పెట్రోలుల గాసునూనె కలిపితే గిట్లనే చేస్తదా?"

గాసునూనె అంటే కిరసనాయిలే. ఎర్నెస్ట్ తలెత్తాడు. "చేస్తది వకీల్ సాబ్. ఇంకా శాన వాటికి సుత గిట్లనే చేస్తది."

"ముందుగాల అది చూడు. డ్రైవర్లు పెట్రోలు అమ్ముకొని గాసునూనె నింపుతున్నరని కోర్టుల నలుగురు అంటున్నరు. కలిసిందని నువ్వు చెప్తే వీణ్ని ఇయ్యాల్నే ఎల్లగొడ్త. కలవలేదంటే మల్ల ఆ మాటెత్తను."

బీరయ్య అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. పదహారేళ్ల కొలువుకు తగ్గ మర్యాద ఇదీ! అయినా భయపడలేదు. "చూడు మిస్త్రీ సాబ్, మంచిగ చూడు. సాబ్ మనసుల పురుగు పోవాలె" అన్నాడు నవ్వుతూ.

అందులో పెద్ద విద్యేమీ లేదు. మంచి పెట్రోలు చుక్క తెల్ల కాగితం మీద వేస్తే చూస్తుండగానే ఎగిరిపోతుంది, జాడ ఉండదు. కిరసనాయిలు కలిస్తే జిడ్డు మరక మిగులుతుంది. ఎర్నెస్ట్ బండి కిందికి దూరి టాంకీ బిరడా వదులు చేసి, చేతికందిన డబ్బాలో కాస్త పట్టాడు. వకీలు తన కాగితాల్లోంచి ఒక తెల్లది చించి ఇచ్చాడు. చుక్క వేశారు. ముగ్గురూ వంగి చూశారు. తడి పరుచుకుంది, అంచులు ఆరాయి, మధ్యలో రూపాయంత జిడ్డు మరక అట్లాగే ఉండిపోయింది. ఎర్నెస్ట్ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, వాసన చూశాడు.

"కలిసింది" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు లోపల సంతోషమే కలిగింది. గంటసేపు ఏడిపించిన రోగం దొరికింది, వకీలు ముందు పరువు నిలిచింది. ఎదుట నిలబడ్డవాడి బతుకు పోయిందన్న సంగతి ఆ సంతోషంలో తట్టనే లేదు.

బీరయ్య మొహం పాలిపోయింది. "లేదు సాబ్, నేను కలపలే. ఆబిడ్స్ పంపు కాడ పోయిచ్చిన పెట్రోలే గది. మిస్త్రీ సాబ్, ఇంకోపారి చూడు. ఇంకో కాయితం మీద చూడు, నీ కాళ్లు మొక్కుత."

ఇంకొకసారి చూస్తే ఏం పోయేది? ఒక కాగితం ముక్క, ఒక నిమిషం. కాని ఎర్నెస్ట్‌కు అది తన మాటను శంకించినట్టు తోచింది, రోషం వచ్చింది. "బీరయ్యా, నేను ఒకపారి చెప్పినంక రెండో మాట ఉండదు" అన్నాడు.

వకీలు చెయ్యి చాపాడు. బీరయ్య తాళపుచెవి ఆ చేతిలో పెట్టి, ఎవరివైపూ చూడకుండా ఆబిడ్స్ దారి పట్టాడు. బండిని సాఫు చేసి పెట్టమని చెప్పి వకీలు రిక్షా ఎక్కి కోర్టుకు వెళ్లాడు.

శుక్రవారం ఎర్నెస్ట్ టాంకీలో ఉన్నదంతా ఒక క్యానులోకి దించి, టాంకీ కడిగి, కొత్త పెట్రోలు పోశాడు. స్టార్టు చేసి తొక్కాడు. బండి దమ్ము ఆపింది. ఒక్క దగ్గు దగ్గింది. అప్పుడు గుంజుకుంది. 

కార్బురేటరు విప్పాడు. మనం తొక్కిన క్షణాన ఇంజనుకు గుక్కెడు పెట్రోలు చిమ్మే చిన్న పంపు ఒకటి అందులో ఉంటుంది. దాని అడుగున బుల్లి గిన్నెలాంటి తోలు ముక్క. పదహారేళ్లకు ఆ తోలు ఎండి, ముడుచుకుని, అంచు చీలి ఉంది. తొక్కినప్పుడల్లా పంపు ఉత్తుత్తగా కిందికీ మీదికీ ఆడుతోంది, చుక్క చిమ్మడం లేదు. అదీ రోగం, ముసలితనం రోగం. మెత్తటి మేకతోలు కత్తిరించి, ఆముదంలో నానబెట్టి బిగించాక బండి తొక్కీ తొక్కకముందే లేచింది.

మరి గాసునూనె? క్యానులో దించిన పెట్రోలు చుక్క కాగితం మీద వేశాడు. ఎగిరిపోయింది. ఇంకొకటి వేశాడు, అదీ పోయింది. పది చుక్కలు వేశాడు, పదీ పోయాయి. అప్పుడు ఆయన చూపు నేలమీది డబ్బా మీద పడింది. ప్లగ్గులు కడిగిన డబ్బా. కిరసనాయిలు ఒంపేశాడు గాని గుడ్డ పెట్టి తుడవలేదు. మళ్లీ కొంచెం కిరసనాయిలు పోసి, ఒంపేసి, అందులో మంచి పెట్రోలు పట్టి చుక్క వేశాడు. రూపాయంత మరక. అచ్చం నిన్నటిదే. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు.

శనివారం వకీలు కొత్త డ్రైవరుతో వచ్చాడు. బండి సందు చివరిదాకా వెళ్లి వెన్నలా తిరిగొచ్చింది. "చూసినవా ఎర్నెస్ట్! దొంగ పోంగనే బండికి రోగం పోయింది!" అని వకీలు పకపకా నవ్వాడు. షెడ్డులో ఉన్న ఇంకో ఇద్దరు ఆసాములూ నవ్వారు. ఎర్నెస్ట్ నోరు తెరిచాడు. పదిమందిలో ఎందుకు, ఒంటరిగా చెబుదాం అనుకుని మూశాడు. పిరికితనానికి ఇలాంటి మర్యాదైన సాకులకు ఏనాడూ కరువు లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భార్య ప్రేమలీలకు అంతా చెప్పాడు. ఆమె ఓదార్చలేదు. "నాకు చెప్తే ఏం లాభం? ఎవరికి చెప్పాల్నో వాళ్లకు చెప్పు" అంది.

సోమవారం పొద్దున్నే ఆబిడ్స్‌లో వకీలు ఆఫీసు గదికి వెళ్లి నిలబడ్డాడు. డబ్బా సంగతి, తోలు సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. "పాత తోలు నా జేబుల్నే ఉంది వకీల్ సాబ్. మల్ల అదే ఏస్త. మీ ముందర కొత్త పెట్రోలు పోస్త. గీడికెల్లి నాంపల్లి దాంక మీరే కూసొని చూడుండ్రి. మునుపటి లెక్క దగ్గకపోతే నా షెడ్డు మూసుకుంట."

"మంచిగున్న బండిని మల్ల పాడు చేసుకోవాల్నా?" అన్నాడు వకీలు.

"బీరయ్య దొంగ కాదని తేలుతది గద సాబ్."

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎర్నెస్ట్, సాక్షి మొదలు ఒకటి చెప్పి నాలుగు దినాలైనంక ఇంకొకటి చెప్తే కోర్టుల మేమేమంటమో ఎరుకేనా? ఎవడో వచ్చి కాళ్లు పట్టుకున్నడంటం. నీ మొదటి మాట మీద నేను పనిచేసిన. పదిమందికి చెప్పిన. బీరయ్య గదిల కొత్త డ్రైవరు దిగిండు. ఇగ పో."

బీరయ్య ఎక్కడున్నాడో కనుక్కుందామని నాంపల్లి టాక్సీల దగ్గర అడిగితే, "ఎవరు, గాసునూనె బీరయ్యనా?" అన్నారు డ్రైవర్లు. నాలుగు రోజుల్లో ఆ పేరు ఊరంతా పాకింది. ఆ పేరున్నవాడి చేతికి హైదరాబాదులో ఎవడు బండి ఇస్తాడు? ఏభై ఏళ్ల మనిషి బేగంబజారులో మిరపకాయల బస్తాలు మోస్తున్నాడు. ఎర్నెస్ట్ వెళ్లేసరికి ఘాటుకు కళ్లు ఎర్రబడి, బండి చక్రానికి ఆనుకుని దగ్గుతున్నాడు.

ఎర్నెస్ట్ చెప్పిందంతా విన్నాడు. కొడతాడేమో, కొడితే బాగుండు అని ఎర్నెస్ట్ అనుకున్నాడు. బీరయ్య కొట్టలేదు.

"అయితే తప్పు నీదంటవ్."

"నాదే. ఇంకోపారి చూడమన్నవ్ నువ్వు. నేను చూడలే."

"వకీల్ సాబ్ పోతే పోనీ. డ్రైవర్లు అంటే అననీ. ఒక్క పని చెయ్యి సాబ్. గీ మాట మా జంగమ్మకు చెప్పు" అన్నాడు బీరయ్య.  "నాలుగొద్దులాయె, నాతోని మాట్లాడ్తలేదు. పెట్రోలు అమ్మిన పైసలు ఎవతికి పెట్టినవని ఒక్కటే అడిగింది. నేను అమ్మలేదంటే, మరి ఎర్నెస్ట్ మిస్త్రీ అబద్ధమాడుతడా అన్నది."

ఇద్దరూ కలిసి నాంపల్లి స్టేషను వెనక బస్తీకి నడిచారు. అక్కడ చెల్లెలు ఇచ్చిన కొట్టంలో జంగమ్మ తల దాచుకుంది. చాటలో బియ్యం ఏరుతున్నదల్లా ఎర్నెస్ట్‌ను చూసి లేచి, కొంగు సర్దుకుంది. ఎర్నెస్ట్ కూర్చోలేదు. ఎండలో నిలబడే మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఎక్కడా తనను వెనకేసుకురాలేదు. జేబులోంచి చీలిన తోలు ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. జంగమ్మ శ్రద్ధగా విన్నది. తోలును అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. హమ్మయ్య, ఒక్క చోటైనా నా మాట చెల్లింది అనుకున్నాడు ఎర్నెస్ట్. నాలుగు రోజుల తర్వాత ఆయనకు ఊపిరి ఆడింది.

జంగమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఎంత మంచి మనసయ్యా నీది! గీ ఎండల ఇల్లు దేవులాడుకుంట వచ్చి, నా మొగని కోసం తప్పు నీ నెత్తిన ఏసుకుంటున్నవ్. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదంటరు నిన్ను. మా కోసం ఆడినవ్."

"కాదమ్మా. నిజమే చెప్తున్న. ఏసుప్రభువు మీద ఒట్టు..."

"వద్దయ్యా, వద్దు!" జంగమ్మ భయంతో ఆయన మాటకు అడ్డం పడింది. "దేవుని మీద ఒట్టు పెట్టకు. ఆ పాపం మాకు తలుగుతది." మొగుడివైపు తిరిగింది. ఆ ఒక్క ప్రశ్న తర్వాత అతనితో మాట్లాడడం అదే మొదలు. "సిగ్గు లేదా నీకు? నువ్వు చేసిందానికి గిసొంటి మనిషితోని అబద్ధమాడిపిస్తున్నవా?"

బీరయ్య ఆమెను చూశాడు, ఎర్నెస్ట్‌ను చూశాడు. తువ్వాలు దులిపి నెత్తికి చుట్టుకుని బేగంబజారువైపు వెళ్లిపోయాడు.

"నిజం జంగమ్మా" అన్నాడు ఎర్నెస్ట్. 

"ఔ అయ్యా, ఔ" అంది జంగమ్మ, పసివాణ్ని సముదాయించినట్టు. లోపలికి వెళ్లి ఆయనకు చెంబుతో మంచినీళ్లు తెచ్చింది.