పద్నాలుగు రోజుల చుట్టాలు

గుర్రాలు కాదత్తమ్మా గాడిదలు, అని వంటింట్లోంచి చెప్పబోయి రమ ఊరుకుంది, గుర్రాలైతే ఏంది గాడిదలైతే ఏంది, చెప్తున్నది అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ, వింటున్నది కాశిబుగ్గ నుంచి తువ్వాళ్ల మూటతో వచ్చిన రాజక్క, పాపం రెండు తువ్వాళ్లు అమ్ముకుని పోదామని వానలో వచ్చిన మనిషిని గంట నుంచి అడిస్ అబాబా వీధుల్లో తిప్పుతూనే ఉంది అత్తమ్మ, బస్సులకు అడ్డమొస్తయి రాజక్కా, అయినా ఎవ్వలు తిట్టరు, అవి పొయ్యేదాక ఆగుతరు, అంటోంది, ఆ మాట మాత్రం నిజం, అక్కడ ఆగుతారు, ఇక్కడ మట్టెవాడలో ముందరి దుకాణం అవతల ఎవడో ఆపకుండా హారన్ కొడుతున్నాడు, పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ చప్పుడుకే నిద్ర పట్టేది కాదు, తర్వాత ఇరవై రెండేళ్లు పట్టింది, ఇప్పుడు సెలవులకు వచ్చిన ఇరవై రోజుల నుంచి మళ్లీ పట్టడం లేదు, పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి, మంట తగ్గించింది, గూట్లో ఉన్న ఫోన్‌ను చూసి చూడనట్టు తల తిప్పుకుంది, అందులో మూడు రోజులుగా ఒక మెయిల్ కూచుని ఉంది, అడిస్ అబాబాలో తను పాఠాలు చెప్పే కాలేజీ డీన్ రాసినది, మర్యాదగానే రాశాడు, సెప్టెంబరులో మొదలయ్యే కెమిస్ట్రీ క్లాసులకు మీరు వస్తున్నారా లేదా, శుక్రవారం సాయంత్రంలోగా చెబితే మేలు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం, ఇయ్యాల శుక్రవారం, వస్తాను అనో రాను అనో ఒక్క మాట, ఆ ఒక్క మాట కోసం తెరవడం మూయడం, తెరవడం మూయడం, భర్త శ్రీనివాస్ అయితే మొన్న అన్నం తిని లేస్తూ అన్నాడు, ఇగ చాలు గదా రమా, రెండేండ్లు చేస్తివి, అని, పొమ్మనీ కాదు వద్దనీ కాదు, చాలు గదా, దానికి ఊఁ అంటే ఉండిపోయినట్టు, అనకపోతే ఎదురు తిరిగినట్టు, తను మాత్రం ఇంకొంచెం మజ్జిగ పొయ్యనా అని అడిగింది.

కాఫీ కాడికొచ్చింది అత్తమ్మ, కిందింటి ఆమె, పేరు అల్మాజ్, పచ్చి గింజలు మన ముందల్నే పెంకు మీద ఏంచుతది, సాంబ్రాణి ఏస్తది, నేల మీద పచ్చగడ్డి పరుస్తది, కాఫీల నంజుకోను ఏమిస్తదో ఎరుకేనా, మక్క ప్యాలాలు, మన మక్క ప్యాలాలే రాజక్కా, అంటోంది, రాజక్క అబ్బో అంటోంది, దీని తర్వాత వచ్చేది గడియారం, రమకు ఈ వరుసంతా తెలుసు, వచ్చిన దగ్గర్నుంచి ఐదుసార్లు విన్నది, గాడిదలు, కాఫీ, గడియారం, గడియారం దాకా వచ్చేసరికి తన చేతిలో ఏ పనున్నా అది ఆగిపోతుంది, ఆ గడియారం వెనకాలే తనన్న ఒక మాట ఉంది, జనవరిలో శ్రీనివాస్, అత్తమ్మ పద్నాలుగు రోజులకని తన దగ్గరికి వచ్చినప్పుడు అన్నది, ఏడు నెలల్లో ముగ్గురిలో ఎవరూ ఎత్తని మాట, ఐదుసార్లూ అత్తమ్మ దాని పక్కనుంచి పోయింది, ఇయ్యాల కూడా పోతుందా, అయినా ఎవరన్నారు తనను అట్లా అనమని, చుట్టాలొస్తున్నారంటే నెల ముందు నుంచి ఎంత హైరానా పడింది, రెండో అంతస్తులో రెండు గదులు, అల్మాజ్‌ను అడిగి ఒక పరుపు, ఒక కుర్చీ తెచ్చుకుంది, పరదాలు ఉతికింది, దీపం పెట్టక వారాలైన దేవుడి గూడు తుడిచి కుంకుమ పెట్టింది, ఒక్కతే ఉన్నప్పుడు ఇంజెరా, అక్కడి పుల్లటి అట్టు, కొనుక్కొచ్చి నిలబడే తినేస్తుందని తెలియకుండా ఇంజెరా బుట్ట తీసి స్టవ్ కింది గూట్లో పెట్టింది, ఆ దేశపు అక్షరాలు దిద్దుకునే నోటుబుక్కు కూడా మంచం కిందికి తోసింది, అదెందుకు దాచిందో ఇప్పటికీ తెలియదు, దొంగతనం చేసిందా ఏమన్నా, హన్మకొండలో పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పిన కాలేజీ మూతపడితే ఇంకో ఉద్యోగం వెతుక్కుని పోయింది, అది ఆ దేశంలో దొరికింది, అంతే, అయినా ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో స్వెట్టరు మీద స్వెట్టరుతో అత్తమ్మ, వెనకాల సకినాల డబ్బా చంకలో పెట్టుకుని శ్రీనివాస్ కనపడగానే, కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టే.

నాలుగింటికి లేచేది, పప్పు, రెండు కూరలు, పచ్చిపులుసు, అన్నం, అత్తమ్మకు మెత్తగా వేరే, ఎనిమిదికి క్లాసు, మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి వేడి చేసి పెట్టి మళ్లీ ల్యాబు, ఆ ఊరు కొండమీద ఉన్నట్టు లెక్క, రెండంతస్తులు ఎక్కేసరికి శ్రీనివాస్‌కు ఆయాసం, అది చెప్పుకోలేక మెట్ల మధ్యలో ఆగి కిటికీలోంచి ఊరంతా చూస్తున్నట్టు నిలబడేవాడు, ఏం చూస్తున్నరు అంటే, ఏం లేదు, గా చెట్లేంది అనేవాడు, రోజూ అవే చెట్లు, కూరలో ఉప్పు తక్కువైందనలేదు, ఇల్లు చిన్నదనలేదు, ఏమీ అనకుండా అన్నిటినీ చూసేవాడు, నల్లా కారుతుంటే చూసేవాడు, గోడ చెమ్మ చూసేవాడు, ఒంటిగా ఉన్న ఆ మంచం చూసేవాడు, ఆ చూపుకు జవాబు చెప్పుకోలేక ఇంకో కూర వండేది, ఆరో రోజు కావచ్చు, ఎంటోటో కొండ చూపిస్తానని ఒక కారాయన ఒప్పుకున్నాడు, శ్రీనివాసే మాట్లాడుకున్నాడు, తొమ్మిదింటికి రమ్మన్నాడు, తనకు ఆ రోజు పరీక్షల డ్యూటీ, పొద్దున్నే పోయింది, పోయేముందు చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది, మరిచిపోయింది, ఇదిగో అత్తమ్మ అక్కడికే వచ్చింది, వాళ్ల లెక్క వేరే రాజక్కా, పొద్దు పొడిచినంక ఒక గంటైతే వాళ్లకు ఒంటిగంట, మన ఏడు వాళ్లకు ఒకటి, నాకైతే మంచిగనే అనిపిచ్చింది, పొద్దును వట్టుకోని లెక్కవెట్టుడు, మరి వాళ్లకు తొమ్మిదంటే మనకెంత, నువ్వే చెప్పు, రాజక్క వేళ్లు మడుస్తోంది, పకపకా నవ్వు, అమ్మో, మూడు.

మూడు, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఇస్త్రీ చొక్కా, బూట్లు, టోపీతో మెట్ల మీద కూచున్నాడు మనిషి, ఫోన్ చేస్తే పరీక్ష హాల్లో రమ ఫోన్ బందు, పైకెక్కితే మళ్లీ దిగాలని అన్నం కూడా తినలేదు, షుగరున్న మనిషి, తను మూడున్నరకు వచ్చేసరికి ఆ కారాయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు, చెప్పిన టైముకే వచ్చానని, శ్రీనివాస్ మొహం కమిలిపోయి ఉంది, పైకి వచ్చి తలుపు వేసి మొదలుపెట్టాడు, ఏడాదిన్నర నుంచి గీ ఊర్ల ఉంటానవు, గింత ముచ్చట చెప్పరాదా, ఉల్టా గడియారం, ఉల్టా ఊరు, ఏమున్నదని పట్టుకోని వేలాడుతానవ్ ఇక్కడ, నడువ్ ఇంటికి, ఆ నడువ్ దగ్గర ఏమైందో, నాలుగింటి లేవడాలు, పరీక్ష పేపర్ల కట్ట బరువు, ఆరు రోజుల ఆ మాట్లాడని చూపు, అన్నీ కలిసి గొంతులోకి వచ్చి, మిమ్మల్ని ఎవరు రమ్మన్నరు, అనేసింది, అంత గట్టిగా, అంత స్పష్టంగా, మంచం మీద తావళం తిప్పుకుంటున్న అత్తమ్మ వేళ్లు ఆగాయి, ఇంటికొచ్చిన వాళ్లను, అదీ మోకాళ్లు వంగని పెద్దమనిషి సముద్రం దాటి వస్తే, ఎవరు రమ్మన్నరు, తన తల్లి వింటే తల కొట్టుకునేది, ఆ పూట ముగ్గురూ పొద్దుటి అన్నమే తిన్నారు.

క్షమించమని అడగాల్సింది, అడగలేదు, అడిగితే నడువ్ అన్న మాటను కూడా ఒప్పుకున్నట్టవుతుందని భయం, తెల్లారి లేచేసరికి ఐదున్నర దాటింది, వంటింట్లో చప్పుడు, పరుగెత్తుకుపోతే అత్తమ్మ స్టవ్ ముందు కుర్చీ వేసుకుని కూచుని ఉంది, ఇది ఎటు తిప్పాలె బిడ్డా, కుడికా ఎడమకా, ఉప్పు ఏ డబ్బలున్నది, గీ గిన్నె తీసుకోనా, ఇది నీ పాల గిన్నెనా, అని ఒక్కొక్కటే అడుగుతోంది, రమకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు, ఈ మట్టెవాడ వంటింట్లో ఇరవై రెండేళ్లు తను అడిగిన మాటలు అవి, అత్తమ్మా ఏం వండమంటరు, అత్తమ్మా పెద్ద గిన్నె దించనా, ఇప్పుడు ఆమె నోట్లోంచి, ఎత్తిపొడుపు ఏమోనని మొహంలోకి చూసింది, లేదు, నిజంగానే తెలియక అడుగుతోంది, నువ్వు పో, పిల్లలకు చెప్పుకో, నేను కూసోనన్న వండుత, అంది, ఆ రోజు శ్రీనివాస్ కాలేజీకి వచ్చాడు, ఊరికే చూస్త అన్నాడు, చివరి బెంచీలో కూచున్నాడు, పద్నాలుగేళ్లు హన్మకొండ కాలేజీ గేటు దగ్గర స్కూటర్ మీద దించిపోయినవాడు, ఒక్కరోజు గేటు దాటలేదు, క్లాసయ్యాక పిల్లలు చుట్టూ చేరి సార్ మీరేం చేస్తారు అని అడిగితే గిన్నెల దుకాణం అని చెప్పడానికి చేతులతో గిన్నె ఆకారం గీశాడు, వాళ్లు నవ్వారు, తనూ నవ్వాడు, బయటికి వచ్చాక అన్నాడు, నీ గొంతు గంత పెద్దగుంటదా రమా, నాకెరుకనే లేదు, పోయే ముందు రోజు ఎక్కడ సంపాదించాడో ఒక వాషర్ తెచ్చి కారుతున్న నల్లా బాగుచేశాడు, మళ్లీ కొనుక్కొచ్చి ఆ బుట్టలో దాచిన ఇంజెరా అత్తమ్మే కనిపెట్టి, గిదేంది పుల్లట్టు, దాసుకోని తింటానవా, అని తనూ ఒక ముక్క తిని మొహం ముడుచుకుంది, ఎయిర్‌పోర్టులో ముగ్గురూ మామూలుగా మాట్లాడుకున్నారు, ఆ మాట మాత్రం ముగ్గురి మధ్యా అట్లాగే ఉండిపోయింది.

చాయ్ దించింది, నాలుగు గ్లాసుల్లో పోసింది, నాలుగోది శ్రీనివాస్‌కు, నాలుగైందంటే దుకాణంలోంచి లోపలికి వస్తాడు, వచ్చాడు కూడా, గడప దగ్గర చెప్పులు విప్పుతున్నాడు, సరిగ్గా అప్పుడే రాజక్క అడిగింది, మరి శీనన్నకు కోపం రాలేదా పెద్దమ్మా, ఆరు గంటలు కూసుంటే, ఇన్నిసార్లలో ఎవరూ అడగని ప్రశ్న, అందరూ మూడు అని నవ్వి అక్కడితో వదిలేసేవాళ్లు, పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలో రమ ఆగిపోయింది, గడప దగ్గర శ్రీనివాస్ ఒక చెప్పుతో ఆగిపోయాడు, ఎందుకు రాదు, మస్తు కోపమొచ్చింది, లొల్లి వెట్టిండు, అంది అత్తమ్మ, ఏం దాచకుండా, నడువ్ ఇంటికి అని మీది మీదికి పోయిండు, మా రమ ఊకుంటదా, మిమ్మల్ని ఎవలు రమ్మన్నరని అడిగింది, రాజక్క చెయ్యి నోటిమీదికి పోయింది, అయ్యో, అట్లన్నదా, పెద్దమనిషివి నీ ముందల్నే, అంటే, అత్తమ్మ కాళ్లు చాపుకుని తువ్వాలు అంచు తడిమి చూస్తూ, నేత ఎట్లుందో చూస్తూ, అంటే ఏమాయె రాజక్కా, మేం పోయింది కోడలింటికి, ఆమె ఇంట్ల నిలవడి ఆమెనే నడువ్ అంటే ఊకుంటదా, గీ ఇంట్ల నేనెంతమందిని అనలేదు, మా ఆడిబిడ్డను అనలేదా, నీకెరుకనే గదా, నేనైతే గప్పుడే తలుపు తీసి బయటికి నూకుదును, రమ కాబట్టి అన్నం వెట్టింది, అంది, రాజక్క మూటలోంచి ఇంకో తువ్వాలు తీస్తూ, నిజమే తియ్, అంది.

కోడలిల్లు, ఎవరన్నా అంటారా ఆ మాట, తల్లిగారిల్లు ఉంటుంది, అత్తగారిల్లు ఉంటుంది, కొడుకిల్లు, బిడ్డె ఇల్లు, అన్నీ ఉంటాయి, కోడలిల్లని ఒకటి ఉంటుందని ఎనభై ఏళ్ల మనిషి తువ్వాలు బేరం చేస్తూ ఎంత మామూలుగా చెప్పేసింది, శ్రీనివాస్ రెండో చెప్పు కూడా విప్పి లోపలికి వచ్చి తల వంచుకుని గ్లాసు అందుకున్నాడు, కాదనలేదు, చెవుల దాకా ఎర్రబడ్డాడు గానీ కాదనలేదు, ఊది ఊది తాగుతున్నాడు, రమకు అతని మీద కోపం లేదు, జాలీ లేదు, ఇన్ని రోజులు తనే కదా ఎదురుచూసింది, పో అని వీళ్ల నోట వస్తుందేమోనని, వస్తే పోవచ్చని, రాకపోతే ఉండిపోవచ్చని, రెండు గదులు, కొండగాలి, పిల్లలు, అవన్నీ ఎవరో ఇచ్చి ఎవరో తీసుకునే సెలవనుకుంది, అడగడానికి మాటలు వెతుక్కుంటూ మూడు రోజులు కూచుంది, అడిగేదేముంది, ఈ ఇంటికి రావడానికి అల్మాజ్‌ను అడిగిందా, కాలేజీని అడిగిందా, ఇంటికి పోతున్నానని చెప్పింది, చెప్పి వచ్చింది, ఏ ఇంటికైనా అంతే, తన ఇంటికి మనిషి అడిగి పోదు, చెప్పి పోతుంది, రమ పళ్లెం కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, తొమ్మిదో నెల్ల మళ్ల పోతాన అత్తమ్మా, అని చెప్పింది.