ఆనకట్ట మీద అక్క

బట్టలు కుట్టే కంపెనీ వాళ్లు బస్సు పెట్టి ఆనకట్ట చూపిస్తారని, ఇంట్లోవాళ్లలో ఒకరిని తెచ్చుకోవచ్చని తెలిసినప్పటి నుంచి ఆమె మొగుడి ప్రాణం తోడేసింది. అతను అక్కడ కొత్తగా చేరిన ఇస్త్రీ మాస్టరు. పెద్ద జబ్బు చేసి లేచాక ఆమెకు జుట్టంతా ఊడిపోయింది, బుగ్గలు పీక్కుపోయాయి. అద్దంలో చూసుకుని తనే జడుసుకునేది. అయినా నీళ్లు చూడాలని మనసు లాగింది.

"సరే, పద. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు" అన్నాడతను.

బస్సులో ఆమెను వెనక, కటింగ్ మాస్టరు భార్య పక్కన కూర్చోబెట్టి, తను ముందుకెళ్లి మగవాళ్లతో కలిసిపోయాడు.

ఆనకట్ట గేట్లన్నీ ఎత్తేసి ఉన్నాయి. హోరులో మాట వినపడటం లేదు. తుంపర మొహాన పడుతుంటే ఆమె చిన్నపిల్లలా నవ్వింది. కటింగ్ మాస్టరు భార్య చెవి దగ్గరికి వంగింది.

"ఏమండీ, మీ తమ్ముడికి ఇంకా పెళ్లెందుకు చేయలేదు?"

"ఏ తమ్ముడు?"

"అదేంటండీ, మా ఇస్త్రీ మాస్టరే. అక్కను తీసుకొస్తున్నానని చెప్పాడుగా."

ఆమె రెయిలింగు పట్టుకుంది. అవతల అతను ఎవరికో ఫొటో తీస్తూ ఇటే చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క మాటంటే చాలు, అందరి ముందూ అతని పరువు పోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చేశామండీ" అంది. "ఆ పిల్ల జబ్బు చేసి పోయింది."

పక్కనున్న వంతెన ఎక్కేలోపే కబురు అందరికీ పాకింది. వంతెన మధ్యలో కటింగ్ మాస్టరు అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఇంత బాధ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా? మాకు చెప్పనేలేదే."

ఆమె నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఇప్పుడైనా నోరు విప్పుతాడనుకుంది, అదిగో నా భార్య అంటాడనుకుంది. అతను తల వంచుకుని, జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

"బాగానే చూసుకున్నానండీ. దక్కలేదు."

తిరుగు ప్రయాణంలో కటింగ్ మాస్టరు భార్య ముందు సీటుకు వినపడేలా కేకేసింది. "మా చెల్లెలుందయ్యా. నీకిష్టమైతే మాట్లాడదాం."

అతను వెనక్కి తిరిగాడు. "నాదేముందండీ, అక్క ఎలా అంటే అలా."

ఎంత బుద్ధిమంతుడో అని బస్సంతా మురిసిపోయింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆదివారం తీసుకురండి" అంది. "ఇంట్లో నేనే ఉంటాను. పిల్లతో నేనే మాట్లాడతాను."

అతను గబుక్కున ముందుకు తిరిగాడు. బస్సు దిగేదాకా మళ్లీ వెనక్కి చూడలేదు.