తొందరపడిన సాక్ష్యం

మా అత్తగారికి దేవుడి మీద నమ్మకం ఎంత ఎక్కువో, ఓపిక అంత తక్కువ. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, కాగాయా లేదా అని పదిసార్లు మూత తీసి చూసే మనిషి. ప్రార్థన చేసి కళ్ళు తెరిచేసరికి జవాబు గుమ్మంలో నిలబడి ఉండాలి ఆవిడకి. నాకూ పెద్ద ఓపిక లేదులెండి. కాకపోతే నేను పైకి అనను. ఆవిడ అనేసింది, అదీ చర్చిలో, నిండు సంఘం ముందు నిలబడి.

మా ఆయనది కటింగు షాపు. ఒకటే కుర్చీ, ఎదురుగా పెద్ద అద్దం, పక్కన కత్తులు, దువ్వెనలు పెట్టుకునే అర. ఆయన గడ్డం గీస్తుంటే మనుషులు కుర్చీలోనే గురక పెట్టేవారు. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. మొదట దువ్వెన జారి పడింది, నవ్వుకున్నాం. తర్వాత ఆయన చొక్కా గుండీలు నేను పెట్టవలసి వచ్చింది, అప్పుడు ఎవరం నవ్వలేదు. ఇది పోయే జబ్బు కాదనీ, మందులతో అదుపులో పెట్టుకోవడమేననీ డాక్టరు మెల్లగా చెప్పాడు. కొన్ని పూటలు చెయ్యి కుదురుగా ఉంటుందనీ, దాన్ని చూసి మోసపోవద్దనీ కూడా చెప్పాడు. ఆ చివరి ముక్క మా అత్తగారు చెవిన వేసుకోలేదు.

సంఘమంతా ఆయన కోసం ప్రార్థించింది. పాస్టరుగారు ఓర్పు గురించి వారం వారం ప్రసంగించారు. ఓర్పు గురించి చెప్పేవాళ్ళ చేతులు ఎప్పుడూ బాగానే ఉంటాయని నేను దారిలో గొణుక్కునేదాన్ని. మా ఆయన విని, ఊరుకోవే అనేవారు.

ఒక ఆదివారం పొద్దున వాళ్ళమ్మ సూదిలో దారం ఎక్కడం లేదని విసుక్కుంటుంటే, ఆయన తీసుకుని ఒక్కసారికే ఎక్కించి ఇచ్చారు. ఆవిడ సూది వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే ఏదో ముంచుకొస్తోందనే లెక్క. నాకు అప్పుడే అనుమానం వేసింది.

చర్చిలో దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలు మొదలవగానే లేచింది. తన కొడుకు చెయ్యి పూర్తిగా బాగైపోయిందనీ, డాక్టర్లు కాదన్నదాన్ని దేవుడు చేసి చూపించాడనీ చెప్పి ఏడ్చింది. సంఘమంతా స్తోత్రాలతో మారుమోగిపోయింది. ఆలు లేదు, చూలు లేదు, ఈవిడ అప్పుడే పేరు పెట్టేసింది. నా పక్కన ఆయన ఒక చేతిని రెండో చేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నారు. కాదంటే కన్నతల్లి అందరి ముందూ అబద్ధాలకోరు అవుతుంది. ఔనంటే తనే అబద్ధమాడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల వంచుకున్నారు. అందరూ దాన్ని కృతజ్ఞత అనుకున్నారు.

ఇక సోమవారం చూడాలి. బాగైన చేతితో గడ్డం గీయించుకోకపోతే దేవుణ్ణి శంకించినట్టే అనుకున్నారో ఏమో, మా సంఘంలో మగవాళ్ళంతా షాపు ముందు బారులు తీరారు. మొదట కుర్చీ ఎక్కింది సంఘపెద్ద. మా ఆయన వద్దండీ అంటుంటే, భయపడకు తమ్ముడూ, దేవుడున్నాడు అని కళ్ళు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. దేవుడున్నాడు సరే, కత్తి కూడా ఉందిగా. దవడ కింద తెగింది. రక్తం కారుతున్నా సంఘపెద్ద స్తోత్రం అన్నాడు పాపం, అలవాటు చొప్పున. దూది అదుముకుని, ఏం కాలేదు, ఏం కాలేదు అంటూ దిగాడు. వెనక నిలబడ్డవాళ్ళందరికీ ఉన్నపళంగా ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి.

ఇంతవరకు చెప్పి ఇప్పటికీ నలుగురినీ నవ్విస్తుంటాను. తర్వాత జరిగింది ఎవరికీ చెప్పను.

వణుకు పెరిగింది. దేవుడిచ్చిన స్వస్థతను అవిశ్వాసంతో పోగొట్టుకున్నాడని సంఘంలో గుసగుసలు బయల్దేరాయి. పరాయివాళ్ళ మాటైతే దులిపేసుకోవచ్చు. ఒక సాయంత్రం షాపులో అద్దం తుడుస్తున్న కొడుకుతో మా అత్తగారే ఆ మాట అనేసింది.

"నేను నమ్మానురా. నువ్వే నమ్మలేదు. అందుకే పోయింది."

ఆయన గుడ్డ కింద పెట్టి, చేతులు జేబుల్లో దూర్చుకుని బయటికి వెళ్ళిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మరుక్షణమే ఆవిడ మొహం పాలిపోయింది, అయినా వెనక్కి పిలవలేదు.

ఆ తర్వాత ఆవిడ చర్చికి రావడం మానేసింది. అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పేది. ఒకరోజు బట్టలు మడత పెడుతూ నాతో అసలు సంగతి చెప్పింది. దేవుడి పేరు మీద అబద్ధం చెప్పిందట. ఆ పాపమే కొడుకు చేతికి తగిలిందట. ఇక చర్చిలో ఇచ్చే ప్రభురాత్రి భోజనం ముట్టే అర్హత ఆ నోటికి లేదట. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. వెళ్ళి మాట్లాడండి అని ఆయన్ని పోరాను. చూద్దాంలే అన్నారు. మనసు గట్టిగా గాయపడింది మరి. చూద్దాంలే, చూద్దాంలే అంటుండగానే కాలం గడిచిపోయింది. తల్లీకొడుకులు ఒకే బల్ల దగ్గర తిని, మొహాలు చూసుకోకుండా లేచేవారు.

ఈలోగా ఆయన కుర్చీని మరో పనివాడికి అప్పగించి, తను తలలు కడిగే పనిలోకి దిగారు. కత్తి పట్టలేని చెయ్యి సబ్బు నురగలో ఎలా వణికితే ఏం? మాడుకి హాయిగా ఉందని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మొదట్లో చెయ్యి బాగుచెయ్యి ప్రభువా అని రోజూ ఏడ్చిన మనిషి, రానురాను ఈ పూటకి నా పక్కన ఉండు చాలు అనడం విన్నాను. నాకు ఒళ్ళు మండింది. బేరం అంత తగ్గించుకుంటే ఎలాగండీ అని అడిగేశాను.

"బాగవుతుందని ఎదురుచూసినన్నాళ్ళూ నా చేతినే చూసుకున్నానే. ఇప్పుడు దేవుణ్ణి చూస్తున్నాను" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ కష్టంలో ఆయనకి దొరికింది నాకు దొరకలేదు.

చివరికి ఒక ఆదివారం సాక్ష్యాలప్పుడు ఆయనే లేచారు. వణికే చేతిని అందరికీ కనబడేలా ఎత్తారు.

"మా అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దున నా చెయ్యి నిజంగానే కుదురుగా ఉంది. ఆవిడ తొందరపడింది, నేను నోరు మూసుకున్నాను. చెయ్యి బాగవలేదు, అవుతుందో లేదో తెలీదు. దేవుడు మాత్రం నన్ను వదల్లేదు. నా సాక్ష్యం ఇంతే."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఇలాంటి సాక్ష్యానికి ఏమనాలో మా వాళ్ళకి తెలియదు. ఎవరు వినాలని చెప్పారో ఆవిడ అక్కడ లేదు. గుండె బలహీనపడి అప్పటికే మంచం పట్టింది.

ఆ మధ్యాహ్నం పాస్టరుగారిని ఇంటికి తీసుకొచ్చాం. ప్రభురాత్రి భోజనం ఇవ్వడానికి ఆయన రొట్టె, ద్రాక్షరసం తెచ్చారు. సంఘంలో తను చెప్పినదంతా మా ఆయన తల్లికి మళ్ళీ చెప్పారు. ఆవిడ గోడవైపు తిరిగి వింది. పాస్టరుగారు రసం గిన్నె దగ్గరకి తెస్తే పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. ఆయన ఏం చెయ్యాలో తోచక మా వైపు చూశారు.

మా ఆయన ఆ గిన్నె అందుకున్నారు. నేను సాయం పట్టబోతే వద్దన్నారు. మంచం పక్కన మోకరించేసరికే సగం రసం దుప్పటి మీద ఒలికిపోయింది. ఆ తడి తగిలి ఆవిడ ఇటు తిరిగింది. చూసి, ఉన్నదంతా ఒలికిపోతుందన్న కంగారులో రెండు చేతులతో కొడుకు మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, గిన్నెను తనే నోటి దగ్గరకి తెచ్చుకుంది. మిగిలింది గుక్కెడే. అది తాగింది. తాగాక కూడా వదల్లేదు.

"ఇంకా వణుకుతోందిరా."

"అవునమ్మా."

"ఆ రోజు ఇలా పట్టుకుని కూర్చోవలసింది నేను. లేచి నిలబడ్డాను."

ఆయన ఆమె చేతుల మీద తల ఆన్చి ఏడ్చారు. ముందే రావలసిందమ్మా, ముందే రావలసింది అన్నారు.

ఆ వారం దాటకుండానే ఆవిడ పోయింది. అన్ని ఆదివారాలు పోగొట్టుకుని, వాళ్ళిద్దరూ దక్కించుకున్నది ఆ కాసిని రోజులే. నాకు ఇప్పటికీ కోపమే. మమ్మల్ని ఇన్నేళ్ళు ఓపిక పట్టమన్న దేవుడు, తను ఇంకొక్క నెల పట్టలేకపోయాడా అని. ఆ మాట మా ఆయనతో అంటే, నాతో ఎందుకు, దేవుడికే చెప్పు, వింటాడు అంటారు. చెబుతూనే ఉన్నాను.