కలబందకు పోసిన నీళ్ళు

ఇసుక తడి.

వేళ్ళ కింద చల్లగా, మెత్తగా... పెన్న ఏటి నడుమ మోచేతి లోతు తవ్విన చెలమ. అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. చప్పుడు లేదు. చూస్తూ కూర్చుంటే ఊరినట్టే ఉండదు. తల తిప్పి మళ్ళీ చూస్తే చిప్పెడు ఉంటాయి.

ఖమ్రున్నీసా కూర్చుంది.

కొబ్బరి చిప్పతో తోడుతుంది. కడవలో పోస్తుంది. మళ్ళీ కూర్చుంటుంది. తెల్లవారక ముందే మొదలుపెడితే బారెడు పొద్దెక్కాక కడవ నిండుతుంది. చుట్టూ ఇంకో ముప్పై చెలమలు, ముప్పైమంది ఆడవాళ్ళు. ఎవరి గుంట ముందు వాళ్ళు. మాటలు తక్కువ. మాటలకు కూడా నోట్లో తడి ఉండాలి కదా.

కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవి అది. రాజధాని వచ్చిందని జమ్మలమడుగులో ఎండేమీ తగ్గలేదు. ఈ ఊరి ఎండకు మొహమాటం లేదు. తలుపు తట్టదు. మిద్దె మీద నుంచి దిగి, నేరుగా వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. పొద్దు వాలాక కూడా నాపరాళ్ళ మీద దాని వేడి ఉంటుంది.

ఇంటికి వచ్చాక ఖమ్రున్నీసా కడవ దించుతుంది. కుండలోకి వంచుతుంది. ఒక్క చెంబు మాత్రం పక్కన పెడుతుంది.

ఆ చెంబు గుమ్మం పక్కనున్న కలబందకు.

రోజూ... నెల దాటింది.

*

ఆ కలబంద ఆమెది కాదు. అత్త బిస్మిల్లా బీది.

పులివెందుల దారిలోని వేంపల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజు, బిస్మిల్లా బీ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పిలక అది. నలభై ఏళ్ళ కిందటి మాట. పుట్టింటివాళ్ళు పెట్టిన గిన్నెలు సొట్టపోయాయి. చీరలు చినిగి బొంతలయ్యాయి. పెట్టె తుప్పు పట్టింది. కలబంద మాత్రం ఏటేటా పిలకలు వేస్తూనే ఉంది.

నిప్పుతో బతికే ఇల్లు. మామ ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. ఆయన తర్వాత కొడుకు గౌస్ మొహిద్దీన్ — ఖమ్రున్నీసా పెనిమిటి. పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు పోతాడు. ఏదో ఒక వీధి మలుపులో గుంట తీసి, బొగ్గులు పేర్చి, తిత్తి ఊదుతాడు. కాలిన గిన్నెలో తగరం కరిగించి దూదితో తుడుస్తాడు. గిన్నె తెల్లగా మెరుస్తుంది. వేళ్ళు బొబ్బలెక్కుతాయి. సాయంత్రం ఇంటికి రాగానే బిస్మిల్లా బీ ఒక మట్ట కోసి, నిలువునా చీల్చి, జిగురు వైపు కాలినచోట పెట్టేది.

వీధిలో ఎవరి చెయ్యి కాలినా ఆ గుమ్మం దగ్గరికే. గంజి ఒలకబోసుకున్నవాళ్ళు, పెనం తగిలినవాళ్ళు... ఎవరొచ్చినా ఒకటే తిట్టు.

"కండ్లు యాడ పెట్టుకోని వండుతాండావే?"

తిడుతూనే మట్ట కోసేది. మంట తగ్గేదాకా పక్కనే కూర్చునేది.

అంత చేసే మొక్కను ఎండాకాలం వస్తే అసలు పట్టించుకునేది కాదు. మట్టలు సన్నబడేవి. అంచులు ఎర్రబడేవి. పిడికిలి ముడిచినట్టు అన్నీ లోపలికి ముడుచుకునేవి. చూసేవాళ్ళకు ప్రాణం ఉసూరుమనేది. పెళ్ళైన మొదటి వేసవిలో ఖమ్రున్నీసా జాలిపడి చెంబు ఎత్తితే, అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పొయ్యాకు మే. ఎండల్లో అది నిద్రపోతాంటాది. నీళ్ళు పోస్తే లేచి కూచ్చుంటాది. ఇప్పుడు లేస్తే సచ్చిపోతాది."

ఆ మాట ఖమ్రున్నీసాకు గుర్తుంది.

గుర్తుండీ పోసింది. ఎందుకు పోసిందో ఎవరికీ చెప్పలేదు.

*

ఉగాది ఇంకా పది రోజులుంది. అప్పటికే ఎండలు ముదిరాయి. బిస్మిల్లా బీ జ్వరంతో మంచం పట్టి వారం దాటింది. మిట్టమధ్యాహ్నం. ఇంట్లో వాళ్ళిద్దరే.

"ఖమ్రూ... రోన్ని నీళ్ళీ."

కుండలో చెంబెడు నీళ్ళున్నాయి. చెంబెడే. సాయంత్రం బస్సుకు గౌస్ వస్తాడు. పొద్దంతా నిప్పు ముందు కూర్చున్న మనిషి. గుమ్మంలో అడుగు పెడుతూనే నీళ్ళకు చెయ్యి చాపుతాడు. ఆ చెంబు అతనిది. ముసలామె పొద్దుట్నుంచి రెండుసార్లు తాగింది. తాగిందంతా కక్కింది. మళ్ళీ కక్కుతుంది...

ఇదంతా ఆ ఒక్క క్షణంలో ఆమె మనసులో తిరిగింది.

"లేవత్తా. తెస్తా ఉండు."

ఉన్నాయి. లేవని చెప్పింది.

కడవ చంకన పెట్టుకుని పెన్నకు పరుగెత్తింది. ఇసుక అరికాళ్ళను కాల్చింది. పొద్దున తవ్విన చెలమ ఎండి నోరు తెరుచుకుని ఉంది. తవ్వింది. ఇంకా తవ్వింది. కూర్చుంది. ఊరలేదు... ఊరింది... చిప్పెడు. ఇంకో చిప్పెడు. పావు కడవ నీళ్ళతో తిరిగి వచ్చేసరికి పక్కింటి వనజమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

బిస్మిల్లా బీ నోరు కొంచెం తెరిచే ఉంది.

ఆ రోజు వీధి వీధంతా నీళ్ళు తెచ్చింది. స్నానం చేయించి సాగనంపాలి కదా. అయిదు ఇళ్ళ నుంచి అయిదు కడవలు. మొదటి కడవ వనజమ్మదే. బతికున్న నోటికి గుక్కెడు దొరకలేదు, పోయిన ఒంటికి అయిదు కడవలు... తెర అవతల ఆడవాళ్ళు నీళ్ళు పోస్తున్నారు. ఆ నీళ్ళు నాపరాళ్ళ మీద పారుతున్నాయి. ఖమ్రున్నీసా గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింది. ఇప్పటికీ చెలమ ముందు కూర్చుంటే అదే వినిపిస్తుంది.

కుండలోని ఆ చెంబెడు నీళ్ళు గౌస్‌కు ఇవ్వలేకపోయింది. తాను తాగలేకపోయింది. చెంబులోకి వంచి గూట్లో దాచింది. మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక తీసుకెళ్ళి కలబంద మొదట్లో పోసింది.

ఎండిన మట్టి గుటుక్కున మింగింది.

అత్త తాగినట్టే అనిపించింది.

మర్నాడు ఇంకో చెంబు. ఆ మర్నాడు ఇంకోటి. అన్నీ తన వంతు నీళ్ళలోంచే. తాను నాలుక తడుపుకుని ఊరుకుంది. మొక్కకు మాత్రం నిండుగా... తాగత్తా, ఇంకా తాగు... లోలోపలే అనుకుంటూ పోసింది.

మొక్క ఉబ్బింది. ఏ వేసవిలోనూ లేనంత లావుగా, పచ్చగా, మట్టలు విప్పుకుని నిలబడింది. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. ఖమ్రున్నీసా గుండె తేలికపడింది. అత్త క్షమించిందేమో అనుకుంది. ఆ ఆశతోనే రోజూ పెన్నకు పోయింది, ఆ ఆశతోనే తిరిగి వచ్చింది.

మట్టి కింద, ఆ తడిలో, ఆ వేడిలో వేర్లు ఉడుకుతున్నాయి. పైకి ఏమీ కనిపించలేదు.

*

నలభయ్యో రోజు. రంజాన్ నెల మొదలవడానికి ఇంకా రెండు రోజులుంది. తల్లి ఫాతిహా అని గౌస్ మొహిద్దీన్ పొద్దుండగానే వచ్చాడు. మణికట్టు మీద కొత్త బొబ్బ. ఎప్పటిలాగే గుమ్మం దగ్గర వంగి మట్ట విరవబోయాడు.

మట్ట విరగలేదు. ఊడి చేతికి వచ్చింది.

మొదలంతా గోధుమరంగు గుజ్జు. కుళ్ళిన వాసన. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ ఊడింది. ఇంకోటి...

"ఏం జేసినావు దీన్ని?"

"నీళ్ళు పోసినా."

"ఎండల్లోనా? అమ్మ పోసేది కాదు గదే!"

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ కుళ్ళిన మట్టను చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. తల్లిని మట్టిలో పెట్టిన రోజు ఏడవని మనిషి. ఇప్పుడు భుజాలు అదిరేలా ఏడ్చాడు.

ఖమ్రున్నీసాకు ఏడుపు రాలేదు. తాను ఆ ముసలామెను రెండోసారి చంపానని అనుకుంది. మొదటిసారి నీళ్ళివ్వక. రెండోసారి నీళ్ళిచ్చి. ఈ మాట ఎవరితోనైనా చెప్పాలంటే ఆ మధ్యాహ్నం మాట చెప్పాలి.

ఏడుపు విని వనజమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. బిస్మిల్లా బీతో ముప్పై ఏళ్ళు ఒకే గోడ పంచుకుంది, రోజుకొకసారైనా పోట్లాడింది. ఆమె ఇంటికీ ఒక కలబంద ఉంది. గుమ్మానికి పైన, దిష్టికి, తాడుతో తలకిందులుగా కట్టింది. బిస్మిల్లా బీ ఇచ్చిన పిలకే. మట్టి లేదు. నీళ్ళు లేవు. గాలికి ఊగుతూ, కొనలు పైకి వంచుకుని రెండేళ్ళుగా బతుకుతోంది.

"మా వాకిలి కలమంద తీస్కపో మే. ఇదీ మీ అత్తదే గదా. దింపి నాటుకో."

ఖమ్రున్నీసా తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. నాకిదే గావాల."

వనజమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. ఏం కనిపించిందో... కొంగు దోపుకుని కింద కూర్చుంది. కత్తి అడిగింది. కుళ్ళినదంతా కోసి పారేసింది. మట్ట తర్వాత మట్ట... చివరికి నడిమధ్య, చిటికెన వేలంత పిలక మిగిలింది. వేరు లేదు. కొన మాత్రం పచ్చగా ఉంది.

నాలుగు రోజులు నీడలో పడేయమంది, కోసినచోట ఆరి పొర కట్టేదాకా. ఆ తర్వాత పొడి ఇసుకలో నిలబెట్టమంది. వాన పడేదాకా చుక్క పోయొద్దంది.

"చుక్క గూడానా?"

"చుక్క గూడా. మీరు రోజా ఉంటారు గదా. దానికీ రోజానే అనుకో."

"సాయంత్రం మేము ఇడుస్తాం గదక్కా..."

వనజమ్మ కత్తి తుడిచి ఇచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

*

పగిలిన కుండ అడుగులో పెన్న ఇసుక. ఇసుకలో పిలక.

రంజాన్ వచ్చింది. తెల్లవారక ముందే సహరీ తిని చెలమకు పోవడం, ఎండుతున్న నోటితో నీళ్ళు తోడడం, నీళ్ళను నెత్తిన పెట్టుకుని దాహంతో నడిచి రావడం. గుమ్మం దాటేటప్పుడు నడక నెమ్మదిస్తుంది. పిలక అక్కడే ఉంటుంది. ఆగకుండా లోపలికి పోవాలి.

పోయడం చేతికి అలవాటైంది. పోయకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

వారానికి పిలక సన్నబడింది. రెండో వారానికి అంచులు ఎర్రబడ్డాయి. తర్వాత ముడుచుకుంది. ముడతలు పడింది... ఆ మధ్యాహ్నం మంచం మీద ఉన్న ముసలామె పెదవుల్లా. అడుగుతున్నట్టే ఉంది. అదే గొంతుతో అడుగుతున్నట్టే ఉంది. ఈసారీ కుండలో నీళ్ళున్నాయి. ఈసారీ లేవనాలి.

చెయ్యి కాలినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఖాళీ గుమ్మం చూసి ఏమీ అడగకుండా వెనక్కి పోయారు. వాళ్ళ వీపులు చూస్తూ ఖమ్రున్నీసా సిగ్గుతో చచ్చిపోయింది.

ఒక మధ్యాహ్నం తట్టుకోలేకపోయింది. చెంబు తెచ్చింది. వంచింది. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. ఒక్క చుక్కకు ఏమవుతుందిలే... ఒక్క చుక్క... చెయ్యి పట్టుకోవడానికి అత్త లేదు. ఎడమ చేత్తో కుడి చెయ్యి తానే పట్టుకుంది. చెంబును లోపలికి తీసుకుపోయి కుండలో పోసేసింది.

"బతుకుతాదా?" అని గౌస్ ఒకసారి అడిగాడు.

"తెల్దు" అంది.

అతను మళ్ళీ అడగలేదు. పొద్దున బస్సుకు పోయేటప్పుడు మాత్రం ఒకసారి వంగి చూసి పోతున్నాడు.

*

రోహిణి కార్తె వచ్చింది. పెన్నలో చెలమలు మోచేతి లోతు నుంచి భుజం లోతుకు దిగాయి. మబ్బు తునక లేదు.

సాయంత్రం. గౌస్ మసీదుకు పోయాడు. ఖమ్రున్నీసా చెంబు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది, పిలక పక్కనే. గోడ అవతల వనజమ్మ బూడిదతో గిన్నెలు తోముతోంది.

మసీదు నుంచి బాంగు వినిపించింది.

చెంబు ఎత్తి మొదటి గుక్క తాగింది. చల్లగా ఉంది. పిలక వైపు చూస్తూ బలవంతాన మింగింది. రెండు నెలలుగా గుండెలో మోసిన మాట ఆ గుక్క వెనకే బయటికి వచ్చింది.

"ఆ పొద్దు నీళ్ళు ఉండినాయత్తా."

గొంతు తనదేనా అనిపించింది.

"చెంబెడు ఉండినాయి. నేనే లేవని చెప్పినా."

గోడ అవతల గిన్నెలు తోమే చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

గాలి లేదు. పిలక కదల్లేదు.

చెంబులో ఇంకా సగం నీళ్ళున్నాయి. పోయలేదు. పక్కన పెట్టింది. చెయ్యి చాచి పిలక మొదలు తాకింది.

ఇసుక పొడి.

వేళ్ళ కింద వెచ్చగా, గరుకుగా... లోపల వేరు దిగుతోందో లేదో. చప్పుడు లేదు. చెలమైతే ఇంకో జానెడు తవ్వి చూడొచ్చు. దీన్ని తవ్వకూడదు. చూస్తూ కూర్చుంటే తెలిసేది కాదు.

తల తిప్పింది. మళ్ళీ చూసింది.

ఖమ్రున్నీసా కూర్చుంది.