అర అడుగు దిగిన రింగు

తిరుపతిలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గుణశేఖర్ పదకొండేళ్లుగా పీడీగా, అంటే వ్యాయామ అధ్యాపకుడిగా, పనిచేస్తున్నాడు. ఆ ఏడు వార్షికోత్సవానికి డంక్ పోటీ పెడదామన్నది ఆయన ఆలోచనే. బాస్కెట్‌బాల్ తెలియనివాళ్లకు కూడా డంక్ అర్థమవుతుంది. మనిషి గాల్లోకి లేస్తాడు, బంతిని పైనుంచి రింగులోకి దిగ్గొడతాడు, చూసేవాళ్లు కుర్చీల్లోంచి లేస్తారు. పోటీ కోసం కాలేజీవాళ్లు చక్రాల స్తంభం ఒకటి కొత్తగా తెప్పించారు. దాని వెనకున్న పిడి తిప్పితే, చిన్నపిల్లలు ఆడుకునేందుకు రింగు కిందికి దిగుతుంది.

పోటీలో మగపిల్లలు ఏడుగురు. అయినా అందరూ ఎదురుచూసింది లోహిత కోసం.

ఆ పిల్లది పూతలపట్టు. అక్కడి కూడలిలో ఆమె తండ్రి పెంచలయ్యకు లారీల పంక్చర్ షాపు ఉంది. లోహితది ఆరడుగుల పొడవు. కాలేజీలో చేరిన కొత్తలో ఆ పొడవుకే సిగ్గుపడి భుజాలు వంచుకుని నడిచేది. గుణశేఖరే పిలిచి చేతిలో బంతి పెట్టాడు. రెండేళ్లకు గ్రౌండులోని సిమెంటు స్తంభం మీది రింగును వేళ్లతో అందుకోగలిగింది. బంతితో ఎగిరితే మాత్రం అది అంచుకు తగిలి వెనక్కి వచ్చేది.

"ఇంకా ఎంత తక్కువ పడతా ఉండాది సార్?" అని అడిగేది.

"అర అడుగు. అంతే. నువ్వు ఏస్తావు. నాకు నమ్మకం ఉండాది," అనేవాడు.

ఒకసారి మోహన్ అనే కుర్రాడు స్కూటరు మీదుగా ఎగిరి డంక్ వేస్తానంటే, గుణశేఖర్ జట్టంతటినీ కూర్చోబెట్టి చెప్పాడు. "స్కూటర్లు, గిరగిరా తిరిగేది, అదంతా సోకప్పా. రింగు ఎవురి కోసమూ కిందికి రాదు. పొట్టోడికీ పది అడుగులే, పొడుగోడికీ పది అడుగులే. మనమే పైకి పోవాల. డంకు గొప్పంతా ఆడనే ఉండాది." లోహిత ఆ మాటలు కళ్లార్పకుండా వింది.

వార్షికోత్సవం రోజున మగపిల్లల పోటీ ముగిసింది. కాలేజీ కార్యదర్శి కుప్పుస్వామి గుణశేఖర్‌ను పక్కకు పిలిచాడు. "ఆ పాప ఏస్తుంది గదా? టీవీవాళ్లు వచ్చి కూసున్నారు. నా పరువు తీయొద్దప్పా."

"ఏస్తుంది సార్," అన్నాడు గుణశేఖర్. అన్నాడే గాని, అంతవరకు ఆ పిల్ల ఒక్కసారి కూడా వేయలేదు. మంచినీళ్లకని విరామం ఇచ్చినప్పుడు, చక్రాలు సరిచూస్తున్నట్టుగా స్తంభం వెనక్కి వెళ్లి వంగి పిడి తిప్పాడు. రింగు అర అడుగు దిగింది. ఎవరూ గమనించలేదు.

లోహిత మధ్య గీత దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి ఎగిరింది. బంతి వలలోంచి దూసుకుని కిందపడింది. గ్రౌండు అదిరిపోయింది. ఆమె తన చేతుల్ని తానే నమ్మలేనట్టు చూసుకుని, నేరుగా గుణశేఖర్ దగ్గరికి వచ్చి ఆయన చేయి పట్టుకుని ఏడ్చేసింది.

"పడింది సార్! పడింది!"

"నేను జెప్పలా?" అన్నాడు గుణశేఖర్.

ఆ డంక్ వీడియోను కాలేజీ తన ఇంటర్నెట్ పేజీలో పెడితే రెండు రోజుల్లో లక్షల మంది చూశారు. చక్రాల స్తంభాన్ని గోదాములో పెట్టేశారు. లోహిత మళ్లీ సిమెంటు స్తంభం దగ్గరే సాధన మొదలుపెట్టింది. బంతి మళ్లీ అంచుకే తగిలింది. పదిసార్లు, ఇరవైసార్లు ఎగిరింది. తెల్లారి వచ్చి మళ్లీ ఎగిరింది. వారం తిరిగేసరికి కుడి మోకాలు వాచిపోయింది.

"ఆపమంటే ఇనేదే లేదు సార్. మీరన్నా జెప్పండి," అంది జట్టు కెప్టెన్ స్టెల్లా.

లోహిత మోకాలికి గుడ్డ చుట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే లేవబోయింది. "ఆ పొద్దు ఏసినాను గదా సార్. ఇప్పుడెందుకు రాలేదు? నేను యాడ తప్పు సేస్తా ఉండాను?"

గుణశేఖర్ ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. రెండు రోజులు విశ్రాంతి తీసుకోమని చెప్పి వచ్చేశాడు. తన అబద్ధం అక్కడ ఒక పిల్ల మోకాల్ని తినేస్తోంది.

మరుసటి రోజు పొద్దున్నే గ్రౌండు మెట్ల దగ్గరికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

"తప్పు నీది కాదమ్మా. ఆ పొద్దు రింగు తొమ్మిదిన్నర అడుగుల్లోనే ఉండింది. నేనే దించినాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. "మగపిల్లోళ్లకు?"

"వాళ్లకు పదే."

"అంటే నాకు మాత్రమే." కాసేపు మోకాలి గుడ్డ అంచును వేళ్లతో నలిపింది. "రింగు ఎవురి కోసమూ కిందికి రాదని మీరే గదా సార్ జెప్పింది. ఎందుకు దించినారు?"

గుణశేఖర్ దారి పొడుగునా జవాబులు తయారుచేసుకునే వచ్చాడు. కార్యదర్శి ఒత్తిడి చేశాడని, నిన్ను చూసి ఇంకో నలుగురు ఆడపిల్లలు ఆటకు వస్తారనుకున్నానని. అవన్నీ పక్కన పెట్టాడు.

"నువ్వు ఏయలేవనుకున్నా," అన్నాడు.

లోహిత అరవలేదు, ఏడవలేదు. "మా నాయన షాపుకొచ్చే ప్రతి డ్రైవరుకూ ఆ వీడియో సూపిస్తా ఉండాడు సార్. నేను సెప్పలేను. మీరే పోయి సెప్పండి," అంది.

ఆదివారం గుణశేఖర్ పూతలపట్టులో బస్సు దిగాడు. పెంచలయ్య లారీ టైరు మీద వంగి ఉన్నవాడల్లా ఎదురొచ్చాడు. గ్రీజు చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "ఓయప్పా, ఈయనే ఆ సారు! మా పాపకు ఎగిరేది నేర్పించినాయన!" అని లారీ డ్రైవరుతో గొప్పగా చెప్పాడు. డ్రైవరు చేతిలో పెంచలయ్య ఫోను ఉంది. అందులో లోహిత ఎగురుతోంది. డ్రైవరు గుణశేఖర్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆ దండానికి గుణశేఖర్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. లారీ వెళ్లేదాకా ఆగి, నిలబడే అంతా చెప్పాడు.

"అంటే నా బిడ్డ ఎగరలేదంటారా?" అన్నాడు పెంచలయ్య.

"ఎగిరింది. ఆ ఎగిరింది నిజం. రింగే నిజం కాదు."

పెంచలయ్య ఫోను జేబులో పెట్టుకుని టైరు దగ్గర గొంతుకూర్చున్నాడు. "గాలి తక్కువ పట్టి, నిండుగా ఉండాదని నేను జెప్తే, డ్రైవరు నా మాట నమ్మి ఘాటు రోడ్డు ఎక్కుతాడు సార్. నా బిడ్డ మిమ్మల్ని నమ్మి మోకాలు ఇరగ్గొట్టుకునింది." పక్కనున్న స్టూలు చూపించి, "టీ సెప్పినాను. తాగి పోండి," అన్నాడు.

గుణశేఖర్ ఆ టీని చివరి గుక్కదాకా తాగాడు.

ఆ సాయంత్రమే కాలేజీ పేజీలో వీడియో కింద తన పేరుతో రాశాడు. రింగు దించింది తానేనని, లోహితకు ఏమీ తెలియదని. కుప్పుస్వామి ఫోన్ చేసి, "ఎవురడిగినారయ్యా నిన్ను?" అని కేకలేశాడు. అది అనుకున్నదే. అనుకోనిది ఒకటి జరిగింది. తిట్లు తనకు వస్తాయనుకున్నాడు. వచ్చినవి ఎక్కువ ఆ పిల్లకే. దొంగ డంకు అన్నారు, ఆడపిల్ల అంతేలే అన్నారు. తన తప్పు ఒప్పుకోవడం కూడా ఆమె నెత్తినే పడింది. మూడు రోజులు లోహిత కాలేజీకి రాలేదు.

నాలుగో రోజు వచ్చి, స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. "నేను ఎగిరేటప్పుడు మీరు ఆడ ఉండొద్దండి సార్. మీరు బాగుండాదంటే అది నిజమో కాదో నాకు ఇంక తెలీదు."

"సరేమ్మా," అన్నాడు.

అప్పట్నుంచి ఆమె సాధన చేసే వేళకు గుణశేఖర్ గ్రౌండు వైపు వెళ్లలేదు. మోకాలికి చేయాల్సిన వ్యాయామాలు కాగితం మీద రాసి స్టెల్లా చేత పంపేవాడు. అవి చేసిందో లేదో అడగలేదు. చలికాలం గడిచింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం హాజరు పట్టీలు చూసుకుంటుంటే గ్రౌండులోంచి ఆడపిల్లల కేకలు వినిపించాయి. స్టెల్లా ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది.

"పడింది సార్! సిమెంటు స్తంభం మీదనే! మోహన్ సేతులెత్తి అడ్డం నిలబడినా వాడి మీదుగా ఏసింది. ఒకసారి కాదు, రెండుసార్లు!"

"వీడియో తీసినారా?"

"వద్దనింది సార్."

గుణశేఖర్ లేచాడు. నాలుగడుగులు వేసి వరండాలోనే ఆగిపోయాడు. అమ్మాయిలు గుంపుగా వచ్చారు. మధ్యలో లోహిత, జుట్టంతా చెమటకు తడిసి, నవ్వుతూ. ఆయన్ను చూసి ఆ నవ్వు సర్దుకుంది.

"స్టెల్లా జెప్పిందమ్మా," అన్నాడు.

"అవును సార్."

శభాష్ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట తన నోట్లోంచి వస్తే ఆ పిల్లకు దాని విలువెంతో తెలుసు గనక మింగేశాడు. "మోకాలికి ఐసు పెట్టుకో," అన్నాడు.

"సరే సార్." ఆమె నాలుగడుగులు ముందుకెళ్లి ఫోను తీసింది. "నాయనా, నేను సెప్పేది ఇను..." అనడం వినపడింది. మిగతాది తాను వినగూడదన్నట్టు గుణశేఖర్ గబగబా స్టాఫ్‌రూములోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.