బావంచాల మందు, పొద్దుటెండ

నా భార్య చెంచులక్ష్మి కుడిచేతి మీద తెల్లమచ్చ పడి ఏడాది దాటింది. అది అంటుకునే జబ్బు కాదని నెల్లూరులో డాక్టరు జ్ఞానప్రకాశం గారు చెప్పినా, మా ఊరు చిట్టమూరులో ఎవరూ వినలేదు. పక్కింటి ఆదిశేషమ్మ ఆమె చేతి మజ్జిగ పుచ్చుకోవడం మానేసింది. చెంచులక్ష్మి వీధిలోకి రావడమే మానేసింది.

డాక్టరు గారిచ్చిన, బావంచాల గింజల నుంచి తీసిన మందు రెండు నెలలు పూశాం. మచ్చ అట్లాగే ఉంది. మళ్లీ నెల్లూరు బస్సెక్కాం.

"ఎప్పుడు పూస్తా ఉండారు?" అని అడిగారాయన.

"పడుకోబోయే ముందండీ. తెల్లారి కడుక్కొని గుడ్డ చుట్టుకుంటాది, ఎవరి కంటా పడకుండా."

ఆయన తల పట్టుకున్నారు. "ఎండ చూపించమన్నానే! ఈ మందు నిద్రపోతా ఉంటుందయ్యా, వెలుతురు తగిలితేనే లేస్తుంది. పై దేశాల్లో రంగుమందు పెట్టి, వెలుతురు చూపించి, కాన్సర్ కంతులు కూడా కరుగుతాయేమోనని చూస్తా ఉండారు."

"లోపలి కంతికి వెలుతురు ఎట్టా పోతుందండీ?"

"వాళ్లకీ అదే సందేహం. నువ్వు ముందు ఈ చెయ్యి సంగతి చూడు. మందు పూసి, పొద్దుటెండలో అయిదు నిమిషాలు. ఎక్కువైతే బొబ్బలెక్కుతుంది."

మా ఇంట్లో గడియారం లేదు. రోజూ సూర్యుడికి దండం పెట్టి, నూటెనిమిది సార్లు రామనామం చెప్పుకోవడం నా అలవాటు. అక్కడే ఆయన గడియారం చూస్తూ ఒకసారి ఆ నూటెనిమిదీ చెప్పుకున్నాను. సరిగ్గా అయిదు నిమిషాలు! ఇన్నేళ్లూ దండం పెట్టిన ఆ సూర్యుడికి కనపడకుండా నా భార్య చేతికి గుడ్డ చుట్టించింది నేనే కదా అనిపించింది.

మా ఇంటికి తూర్పుటెండ పడేది వీధి అరుగు మీదే.

"నలుగురూ చూస్తారయ్యా!"

"చూడనీయవే. చెయ్యి చాపు."

ఆదిశేషమ్మ ఊరుకుంటుందా? "ఏంది వదినా, చేతిని వడియాల మాదిరి ఎండబెడతా ఉండావే?"

చెంచులక్ష్మి తల వంచుకుంది గానీ, చెయ్యి తీయలేదు.

నలభయ్యో రోజు నామం తొంభై దాటింది. "ఏమయ్యా, ఇట్టా చూడు!" అని చెంచులక్ష్మి కేక పెట్టింది. తెల్లమచ్చ నడుమ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు. ఒకటి, రెండు... ఏడు! నేను లెక్క మరిచి "రామా!" అని అరిచేశాను.

"అరుస్తా కూర్చుంటే చెయ్యి కాలదా?" అంటూ లేచి, గుడ్డ చుట్టుకోకుండానే ఆదిశేషమ్మ ఇంటికి పరుగెత్తింది. వెనకే నేనూ.

ఆదిశేషమ్మ ఆ చెయ్యి పట్టుకొని గోటితో గీకి చూసింది. "పచ్చబొట్టు పొడిపించుకోలేదు గదా?"

"సూర్యుడే పొడిచినాడు వదినా!"

"అయితే ఒక చెంబు మజ్జిగ తీసకరా పో. మీ కేకలకి నా గొంతెండింది."

చెంచులక్ష్మి కుడిచేత్తోనే తెచ్చి ఇచ్చింది.